సముద్రం దాకా చాలని అంచనా

పొద్దున్నే రేపల్లె ఆఫీసులో టైపు మిషను మీది గుడ్డ తీస్తుంటే, తెనాలిలోనూ నాతో పనిచేసిన కాలువ కాపలా లస్కరు గుమ్మం దగ్గర నిలబడి, "సారు పోయారంటమ్మా, బాపట్లలో" అన్నాడు. ఏ సారని నేను అడగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో చాలామంది సార్ల దగ్గర పనిచేశాను గానీ, ఇంకేమీ చేర్చకుండా ఉత్త 'సారు' అంటే మా ఇద్దరికీ ఒక్కరే. గుడ్డ మళ్ళీ మిషను మీద కప్పేసి, సెలవు చీటీ రాసిచ్చి, బస్టాండుకి నడిచాను.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. పేపర్లో వేసేంత పెద్ద ఉద్యోగం కాదు ఆయనది. మురుగుకాలువల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు, అసిస్టెంటు ఇంజనీరుగానే పోయినేడు రిటైరయ్యారు. ఆ ప్రమోషను ఎందుకాగిపోయిందో తెలిసినవాళ్ళు ఇప్పుడు ముగ్గురో నలుగురో ఉంటారు. అందులో ఒకరు నోరు విప్పరు, ఇంకొకరు విప్పితే అబద్ధమే చెబుతారు. అందుకని నేను రాస్తున్నాను.

అరవైల మధ్యలో తెనాలి ఆఫీసులో చేరినప్పుడు నాకు టైపు పరీక్ష పాసైన గర్వం తప్ప ఇంకేమీ లేదు. మా నాన్న అంగలకుదురులో బడిపంతులు. రోజూ బస్సెక్కి తెనాలి వచ్చేదాన్ని. ఆఫీసులో ఆడపిల్లని నేనొక్కదాన్నే కాబట్టి అందరూ నాతో అతి జాగ్రత్తగా మాట్లాడేవాళ్ళు, లేకపోతే అసలు మాట్లాడేవాళ్ళు కాదు. సారు మాత్రం మొదటిరోజే ఒక కాగితం నా ముందు పెట్టి, "ఇది కొట్టేముందు చదువు అమ్మాయ్. అర్థంకానిది కొడితే తప్పులెక్కువొస్తాయి" అన్నారు. అది నేను మొదటిసారి చూసిన రఫ్ ఎస్టిమేటు.

చదివేవాళ్ళకి అదేమిటో చెప్పాలి. ఏదైనా పెద్ద పని, వంతెనో లాకో కాలువో, తలపెట్టినప్పుడు గవర్నమెంటు ముందుగా అడిగేది ఎంతవుతుందని. అప్పటికి సర్వే ఉండదు, మట్టి పరీక్ష ఉండదు, గీసిన నక్షా ఉండదు. ఇలాంటిదే ఇంకోచోట చేసిన పాత పని తీసుకుని, అక్కడ మైలుకి ఇంతైంది కాబట్టి ఇక్కడ ఇంతవుతుందని ఒక అంకె వేసి పంపాలి. పెళ్ళికి ఎంతమందొస్తారో తెలియకుండా వంటవాడు బియ్యం లెక్క చెప్పడం లాంటిది. చిక్కేమిటంటే, ఒకసారి పైకెళ్ళిన అంకె వెనక్కి రాదు. తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా, ఎన్ని నక్షాలు గీసినా, అందరూ ఆ మొదటి అంకెనే పట్టుకుని వేలాడతారు.

సారు ఎప్పుడూ ఒక్క అంకె ఇచ్చేవారు కాదు. తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత అని రెండు ఇచ్చేవారు. వాటి కింద "ఇంకా తెలియనివి" అని ఒక భాగం ఉండేది. గుంటూరు నుంచి వచ్చే పెద్ద ఇంజనీరు గారికి ఆ భాగం చూస్తే ఒళ్ళు మండేది. "రెండంకెలు చెప్పేవాడికి ఒక్కటీ తెలియదన్నమాట" అని ఒకసారి అందరి ముందూ అన్నారు. సారు ఏమాత్రం నొచ్చుకోకుండా, "తెలియదు కాబట్టేనండి రెండు చెబుతున్నాను" అన్నారు.

నేను ఒకసారి ఆ భాగంలో ఒక ఖాళీ చూసి, అంకె మర్చిపోయారేమోనని సున్నా కొట్టాను. ఆయన కాగితం తిరగేసి చూసి, "తెలియనిదాన్ని సున్నా అని రాయకూడదమ్మాయ్. సున్నా రాశావంటే తెలుసని చెప్పినట్టు" అన్నారు. కోపంగా కాదు. కానీ మూడు కార్బను కాపీలతో సహా మళ్ళీ కొట్టించారు. ఆరోజు నా బస్సు తప్పిపోయింది, ఆయన్ని మనసులో చాలా తిట్లు తిట్టుకున్నాను.

ఆఫీసు బయటా అంతే. మేము తాటాకు తీసేసి పెంకు వేయించాలనుకున్నప్పుడు మా నాన్న పిలిస్తే సైకిలు మీద అంగలకుదురు వచ్చారు. ఇంటి చుట్టూ తిరిగి, మజ్జిగ తాగి, ఇంత నుంచి ఇంత దాకా అవుతుందన్నారు. పై అంకె విని మా నాన్నకి కోపమొచ్చింది. చివరికి ఆ పై అంకె దగ్గరే తేలింది. వాళ్ళావిడ, నేను అమ్మగారనే పిలిచేదాన్ని, నవ్వుతూ అనేవారు: "ఈయన్ని బజారుకి పంపితే వంకాయలకి కూడా రెండు ధరలు చెప్పి, సంచీ ఖాళీగా తెస్తారు." ఆయన నిజంగానే అలా ఖాళీ సంచీతో రావడం నేను చూశాను.

ఇక అసలు సంగతి. ఆ దశకం చివర్లో ఒక ఏడాది కోతలప్పుడు వాన పట్టింది. తెనాలి చుట్టుపక్కల పల్లపు పొలాల్లో కోసిన పనలు కోసినట్టే నీళ్ళ మీద తేలి మొలకెత్తాయి. ఉన్న మురుగుకాలువ పాములా వంకరలు తిరిగి, గుర్రపుడెక్క పట్టి, నీళ్ళని కదలనిచ్చేది కాదు. దాన్ని తిన్నగా, వెడల్పుగా సముద్రం దాకా తవ్వాలన్న మాట అంతకుముందు నుంచే ఉంది, ఈసారి గట్టిగా లేచింది. రఫ్ ఎస్టిమేటు పంపమని ఆర్డరు వచ్చింది.

మామూలుగా అయితే జీపు పోయినంత మేరా వెళ్ళి చూసి, మిగతాది మ్యాపు మీద కొలిచి రాసేస్తారు. సారు ముందు సముద్రం వైపు వెళ్ళారు. లస్కరుని వెంటబెట్టుకుని, కొంత పడవ మీద, కొంత మోకాలి లోతు బురదలో నడిచి, ఉప్పునీటికి పగిలిన కాళ్ళతో తిరిగొచ్చారు. "కింది భాగమే అసలు పనమ్మాయ్" అన్నారు. "ఇవాళ తవ్వితే రేపటికి పూడిపోయే మట్టి. కాలువ నోటి దగ్గర సముద్రం ఇసుక తెచ్చి పోస్తుంది. అక్కడ తలుపులతో లాకు కట్టకపోతే ఆటుకి పోయిన నీళ్ళు పోటుకి వెనక్కొస్తాయి." ఆయన వేసిన రెండంకెల్లో పైది చూసి నేనే రెండుసార్లు సరిచూసుకున్నాను. కిందున్న "ఇంకా తెలియనివి" పేజీ నిండా వచ్చింది.

పెద్ద ఇంజనీరు గారు గుంటూరు నుంచి వచ్చారు. తలుపు తీసే ఉంది, ప్రతి మాటా నాకు వినిపించింది. "ఇంత పంపితే పైన అటకెక్కిస్తారయ్యా. ముందు తవ్వడం మొదలుపెట్టిద్దాం. మొదలైన పనిని ఏ గవర్నమెంటూ మధ్యలో వదలదు. ఆ సముద్రం సంగతి తర్వాత రివైజు చేసుకుందాం." ఇది ఆయనొక్కడి దుర్మార్గం అనుకోకండి. పెద్ద పనులన్నీ అలాగే మొదలయ్యేవి. తక్కువ రాసి మొదలుపెట్టడం, మొదలయ్యాక ఎక్కువ అడగడం, దాన్ని అందరూ తెలివనే అనుకునేవాళ్ళు. సారు మాత్రం తల అడ్డంగా ఊపి, "మురుగుకాలువ మధ్యలో ఆగితే అసలు లేనిదానికన్నా చేటండి" అన్నారు. ఆ పూట ఆయన లొంగలేదు.

ఆయన్ని లొంగదీసింది ఆఫీసరు కాదు. రెండు రోజుల తర్వాత ఎగువ ఊళ్ళ రైతులు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన కుర్చీ వేయించినా కూర్చోకుండా వరండాలో నేల మీదే కూర్చుని, కండువాలోంచి మొలకెత్తిన వరిపన తీసి పక్కన పెట్టాడు. గింజ గింజకీ పచ్చటి మొలక.

"బాబూ, మీరు రాసేది పెద్దదైతే పనే రాదంటున్నారు. కాస్త చూసి రాయండి" అన్నాడు.

"తగ్గించి రాస్తే డబ్బు మధ్యలో అయిపోద్దండి. కాలువ ఆగిపోద్ది."

"ఆగితే అప్పుడు చూసుకుందాం బాబూ. ముందు మా చేలల్లో నీళ్ళు కదలనీయండి. ఇంకో ఏడాది ఇట్టా పోతే మేం తట్టుకోలేం."

సారు చాలాసేపు ఆ పన వైపే చూశారు. పెద్దాయన వెళ్ళేటప్పుడు దాన్ని అక్కడే వదిలేసి పోయాడు, ఊడ్చేవాడు వచ్చేదాకా అది వరండాలోనే ఉంది.

మర్నాడు నా బల్ల మీద కొత్త కాగితం. ఒకే ఒక్క అంకె. సముద్రపు నోటి దగ్గర పనులకి ఎదురుగా 'స్వల్పం' అని మాత్రం ఉంది. "ఇంకా తెలియనివి" లేనేలేదు. "కింది భాగం రాయడం మర్చిపోయారా సార్?" అని అడిగాను. "మర్చిపోలేదమ్మాయ్. కొట్టు" అన్నారు, కిటికీలోంచి బయటికి చూస్తూ. కొట్టాను. టైపిస్టు అంకెలు దిద్దదు, అందుకు నాకే బాధా లేదు. ఆ సంతకం పెడుతున్నప్పుడు ఆయన మొహం చూశాను, దానికి మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది.

శాంక్షను ఎప్పుడూ లేనంత త్వరగా వచ్చింది. మురుగుకాలువని సముద్రం వైపు నుంచి పైకి తవ్వుకుంటూ రావాలని సారు మీటింగులో మొత్తుకున్నారు. "ఆ బురదలో తవ్వితే ఎవరికి కనిపిస్తుందయ్యా?" అని పెద్ద ఇంజనీరు గారు నవ్వేశారు. తెనాలి రోడ్డు పక్కన పందిరి వేసి, మైకు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, పైనుంచి మొదలుపెట్టారు. వందలమంది పారలతో, తట్టలతో దిగారు. రెండు వేసవుల్లో కాలువ వీధంత వెడల్పున కిందికి సాగింది. ఎగువ ఊళ్ళలో ఆ రెండో ఏడు పంట చేతికొచ్చింది. ఆ పెద్దాయన అరటిగెలా, పెసల బస్తా తెచ్చి సారు ఇంట్లో దించి, మెడలో దండ వేశాడు. సారు దండ తీసి బల్ల మీద పెట్టి, "అప్పుడే ఎందుకండీ" అన్నారు. అరటిపళ్ళు ఆఫీసులో మేమంతా తిన్నాం. ఆయన ముట్టుకోలేదు.

డబ్బు సరిగ్గా ఒక దిగువ ఊరి దగ్గర అయిపోయింది. ఆ ఊరి పేరు రాయను, అక్కడివాళ్ళకి ఇప్పటికే కావలసినంత అయింది. కొత్త కాలువ ఊరి అంచు దాకా వచ్చి ఒక మట్టికట్ట దగ్గర ఆగిపోయింది. కట్ట అవతల నుంచి సముద్రం దాకా పాత పాము కాలువే. మిగతాది తవ్వడానికి పైసా లేదని కంట్రాక్టరు సామాను ఎత్తుకుని పోయాడు. రివైజు ఎస్టిమేటు వెళ్ళింది, ఎక్కడో కూర్చుంది. ఈలోగా వానలొచ్చాయి.

ఇంతకుముందు ఎగువ నీళ్ళు పొలాల్లో నిలబడి, మెల్లమెల్లగా రోజుల తరబడి దిగువకి వచ్చేవి. ఇప్పుడు తిన్నటి కాలువలో పడి ఒక్క పూటలో వచ్చేశాయి. అవతల పోవడానికి దారి లేదు. ఊరంతా నిలబడ్డాయి. కాలువ వారగా ఉన్న పల్లెలో అందరివీ కూలి బతుకులు, మట్టి గోడల ఇళ్ళు. గోడలు కిందనుంచి నానాయి. ఒక ఇంట్లో గోడ కూలి బాలింత మీద పడింది. పసిపిల్ల అమ్మమ్మ చేతిలో ఉండడంతో బతికింది. వాళ్ళది మా చర్చి సంఘమే. సమాధుల దొడ్డి నీళ్ళలో ఉంటే, ఆ పిల్లతల్లిని కాలువ గట్టు మీదే పూడ్చారు. ఆ మట్టి కొత్త కాలువ తవ్విపోసిన మట్టే. నేను మా నాన్నతో వెళ్ళి అక్కడ నిలబడ్డాను.

సారు కూడా వచ్చారు, ఒక్కరే, జీపు కూడా లేకుండా. జనంలోంచి ఎవరో, "నువ్వేనా అయ్యా ఈ కాలవకి లెక్క కట్టింది?" అన్నారు. "నేనేనండి" అన్నారు సారు. ఆ పల్లెలో వాళ్ళని అండి అన్న ఆఫీసరు అప్పటిదాకా ఎవరూ లేరు. చనిపోయిన బాలింత తల్లి ఆయన వైపు చూసింది, మనవరాలిని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

ఎంక్వయిరీ జరిగింది. గోడ గురించి కాదు. ఖర్చు అంచనా ఎందుకు దాటిందని. అలాంటప్పుడు అందరూ రాసే జవాబొకటి ఉంది: అనుకోని పరిస్థితుల వల్ల. అదే రాయమని పెద్ద ఇంజనీరు గారు స్వయంగా వచ్చి చెప్పారు. అది రాస్తే అందరూ బయటపడతారు. సారు ఒప్పుకోలేదు. "నడిచి వెళ్ళి చూసొచ్చాను కదండీ. అనుకోనిదెలా అవుతుంది?" అన్నారు. తెలిసే తగ్గించానని రాసిచ్చారు. ఆయనకి ఎవరు చెప్పారన్నది మాత్రం రాయలేదు, రైతుల పేరూ ఎత్తలేదు. ప్రమోషను ఆగిపోయింది. పెద్ద ఇంజనీరు గారు ఇంకా పెద్దవారై హైదరాబాదు వెళ్ళారు.

ఆ తర్వాత ఆయన్ని బాపట్ల వేశారు, నన్ను రేపల్లె వేశారు. మిగిలిన ఆ కింది ముక్క కోసం ఆయన మళ్ళీ మళ్ళీ ఎస్టిమేటు పంపుతూనే ఉన్నారు, ఈసారి రెండంకెలతో, తెలియనివన్నీ రాసి. ప్రతిసారీ ఒకటే ప్రశ్నతో తిరిగొచ్చేది: ఇదే అధికారి ఇంతకుముందు మొత్తం పనికే ఇంత చాలన్నారు, ఇప్పుడు ఈ ముక్కకే ఇంతెందుకు? ఆయన సంతకమే ఆయనకి అడ్డం తిరిగింది.

ఏటా వానల్లో ఆయన ఆ ఊరు వెళ్ళేవారు. తిరిగొచ్చేటప్పుడు రేపల్లెలో దిగి మా ఆఫీసులో టీ తాగేవారు, పంచె మోకాళ్ళ దాకా తడిసి ఉండేది. ఆ ముసలామె గుమ్మం ముందు కాసేపు నిలబడి వస్తారట. ఆమె ఏమీ మాట్లాడదట. "మరి ఎందుకెళ్తారు సార్?" అంటే, "వెళ్ళకపోతే ఎలాగమ్మాయ్" అనేవారు. ఒకసారి నాకు ఉక్రోషమొచ్చి, "ఎగువ ఊళ్ళవాళ్ళు ఇన్నేళ్ళుగా అన్నం తింటున్నారు కదండీ, అది లెక్కలోకి రాదా?" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "వస్తుంది. ఎవరి లెక్కలోంచి తీసి అందులో వేయమంటావ్?" అన్నారు. నేను కోపంగా కార్బను కాగితాలు సర్దుకున్నాను.

ఒక వేసవిలో బాపట్ల, రేపల్లె ఆఫీసులవాళ్ళందరం కలిసి సూర్యలంక వెళ్ళాం. అందరూ నీళ్ళలో దిగి కేరింతలు కొడుతుంటే సారు సముద్రానికి వీపు పెట్టి, పులిహోర పొట్లం విప్పకుండా కూర్చున్నారు. అమ్మగారు ఎంత పిలిచినా తిరగలేదు. నేను పక్కన కూర్చుంటే, "ఇక్కడికి రావలసిన నీళ్ళు అక్కడ నిలబడున్నాయి" అన్నారు. ఆయనతో సరదాగా ఎక్కడికైనా వెళ్ళడం కష్టమే. ఆరోజు విసుక్కున్నాను కూడా.

రిటైరయ్యాక జబ్బుపడి గుంటూరు ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్ళాను, మనిషి సగమయ్యారు. డాక్టరు వచ్చి, త్వరలోనే ఇంటికెళ్ళిపోతారండి అని భుజం తట్టి వెళ్ళాడు. సారు నవ్వి, "ఈయనది కూడా శాంక్షను కోసం వేసిన ఎస్టిమేటేనమ్మాయ్" అన్నారు. నేనూ నవ్వాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాకు పని నేర్పింది, నన్ను మనిషిగా చూసింది ఆయనే. అది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు, చెబితే ఎటు చూడాలో తెలియక ఇబ్బంది పడేవారు.

బాపట్లలో పాడె లేచాక అమ్మగారు నన్ను లోపలికి పిలిచారు. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. "దిగువ ఊళ్ళో ఆవిడకి కబురు నువ్వే చెప్పమ్మా. ఇంకెవరన్నా వెళ్తే ఎందుకొచ్చారో కూడా చెప్పలేరు" అన్నారు.

వెళ్ళాను. వానలింకా తగ్గలేదు. బస్సు దిగి మట్టికట్ట మీదుగా నడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని పల్లెలో దిగాను. ఇళ్ళ మధ్య పిక్కల దాకా నీళ్ళు. ముసలామె గుమ్మంలోనే ఉంది. లోపల మంచం మీద మనవరాలు కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చునుంది. గోడ మళ్ళీ మట్టితోనే కట్టుకున్నారు.

"ఇంజనీరుగారు పోయారమ్మా" అన్నాను.

ఆమె చేతిలో సత్తుగిన్నె అలాగే పట్టుకుని నిలబడింది. "ఎప్పుడు?" అంది. చెప్పాను. "ఆఖర్న ఏమన్నా తిన్నాడా?" అంది. పెద్దగా తినలేదన్నాను. అన్నేళ్ళలో ఆయనతో ఒక్క మాట మాట్లాడని మనిషి, తల ఊపి, కాలువ వైపు చూసింది.

"ఇంక ఆ మిగిలింది తవ్వమని రాసేవోళ్ళు ఎవరున్నారమ్మా?"

ఎవరూ లేరు. అదే చెప్పాను, అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఆమె సరేనన్నట్టు వంగి, ఇంట్లో నిలిచిన నీళ్ళని సత్తుగిన్నెతో ముంచి గడప బయటికి పోయడం మొదలుపెట్టింది. నేనూ కొంగు బిగించి, మూలనున్న చెంబు తీసుకుని ఆమె పక్కన వంగాను. బయటి నీళ్ళు గడపకి సమంగా ఉన్నాయి. మేం పోసినవి పోసినట్టే మెల్లగా లోపలికి వస్తున్నాయి.